ఎక్స్‌పో ఆన్ చేశాక సిస్టమ్ లేవడానికి నిమిషం పడుతుంటే

కొత్త సిస్టమ్‌లో మెమరీ స్పీడ్ పెంచిన రోజు రాత్రి నేను పడిన టెన్షన్ ఇంకొకరు పడకూడదని ఇది రాస్తున్నాను. నాది తిరుపతి కొర్లగుంటలో పెళ్లి వీడియోల మిక్సింగ్ పని. మాఘమాసం ముహూర్తాలకు ముందు సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో మద్రాసు పోయి, రిచీ స్ట్రీట్‌లో పార్టులు తెచ్చుకుని, స్టూడియోలోనే కూర్చుని బిగించుకున్నాను. ఏఎం5 బోర్డు (కొత్త రకం ఏఎండీ ప్రాసెసర్లు పట్టే మదర్‌బోర్డు), ఏఎండీ వాళ్ల రైజెన్ ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్ స్టిక్కులు రెండు. ర్యామ్ డబ్బా మీద 6000 అని ఉంది, టాస్క్ మేనేజర్‌లో చూస్తే 4800. అది తప్పు కాదు. నేను కొన్న ర్యామ్ మామూలుగా లేచే స్పీడ్ అదే. డబ్బా మీది స్పీడ్ కావాలంటే బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు లేచే బోర్డు సెట్టింగుల్లోకి పోయి, ర్యామ్ కంపెనీ ముందే రాసిపెట్టిన స్పీడ్ ప్రొఫైల్ ఆన్ చేయాలి. ఏఎండీ వాళ్లు దాన్ని ఎక్స్‌పో అంటారు, ఇంటెల్ వాళ్లు ఎక్స్‌ఎంపీ అంటారు. ఆన్ చేశాను, ఎఫ్10 కొట్టి సేవ్ చేశాను.

స్క్రీన్ నల్లబడింది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, కీబోర్డులో లైటు లేదు, మానిటర్ ‘నో సిగ్నల్’ చూపించి ఆరిపోయింది. అర నిమిషం చూసి, పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేశాను. మళ్లీ వేస్తే మళ్లీ అదే. మూడుసార్లు అలా ఆపాక క్యాబినెట్ పక్క తలుపు తీసి చూశాను. బోర్డు అంచున వరసగా నాలుగు చిన్న లైట్లు ఉంటాయి. అందులో ‘డ్రామ్’ (అంటే ర్యామే) అని రాసిన చోట పసుపు లైటు కదలకుండా వెలుగుతోంది. ర్యామ్ కాలిపోయిందనే అనుకున్నాను. నాలుగోసారి ఏమీ ముట్టుకోకుండా కూర్చుంటే, దాదాపు రెండున్నర నిమిషాలకు లోగో పడింది.

అందుకే అన్నిటికంటే ముందు ఇది చెబుతున్నాను. ప్రొఫైల్ మార్చిన వెంటనే పది నిమిషాలు సిస్టమ్ జోలికి పోకండి. దానంతటదే ఒకటి రెండుసార్లు ఆగి లేచినా కంగారు పడకండి. ర్యామ్ ఎక్కువ జీబీ ఉంటే ఇంకా ఎక్కువసేపు పడుతుంది. మధ్యలో పవర్ తీస్తే పని మళ్లీ మొదటికి వస్తుంది. పది పదిహేను నిమిషాలైనా లేవకపోతే అప్పుడు ప్లగ్ పీకి, బోర్డు మీదున్న గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ తీసి, అయిదు నిమిషాలాగి మళ్లీ పెట్టండి. సెట్టింగులన్నీ మొదటి స్థితికి వస్తాయి.

ఆ పసుపు లైటు వెలిగినంతసేపూ జరిగేదాన్ని మెమరీ ట్రైనింగ్ అంటారు. 6000 స్పీడ్ అంటే ఒక్కో తీగ మీద సెకనుకు 600 కోట్లసార్లు డేటా పోతుందని అర్థం. అంత వేగంలో ప్రాసెసర్, ర్యామ్ ఒకరి మాట ఒకరికి స్పష్టంగా వినబడాలంటే ఏ క్షణంలో పంపాలి, ఏ క్షణంలో అందుకోవాలి అని ప్రతి తీగకూ విడిగా సరిచూసుకోవాలి. పెళ్లి మండపంలో మేళం వాళ్లు ముందు శ్రుతి చూసుకుంటారు కదా, అలాంటి పనే. స్పీడ్ పెరిగేకొద్దీ కాస్త అటూఇటూ అయినా చెల్లే వెసులుబాటు తగ్గుతుంది, అందుకని సరిచూడటానికి ఎక్కువసేపు పడుతుంది. ఏఎం5 బోర్డుల్లో చాలావాటికి ఈ పని ఒక్కరోజుతో అయిపోదు, రోజూ ఆన్ చేసినప్పుడల్లా కొంత జరుగుతుంది. మనకు కనబడే ఆలస్యం అదే.

ఆలస్యం అక్కడే జరుగుతోందా, విండోస్‌లోనా అన్నది ముందు తేల్చుకోండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో స్టార్టప్ యాప్స్ పేజీలో కుడివైపు పైన ‘లాస్ట్ బయోస్ టైమ్’ అని సెకన్లు చూపిస్తుంది. నాకు ప్రొఫైల్ లేనప్పుడు 27, ఎక్స్‌పో వేశాక 56. అక్కడ అంకె తక్కువగా ఉండి, లోగో పడ్డాక ఆలస్యమవుతుంటే తప్పు ర్యామ్‌ది కాదు. ఆన్ కాగానే లేచే ప్రోగ్రాములు తగ్గించుకోండి, విండోస్ పాత హార్డ్‌డిస్క్ మీద ఉంటే ఎస్‌ఎస్‌డీకి మార్చుకోండి.

అంకె పెద్దదిగా ఉంటే బయోస్‌లో ‘మెమరీ కాంటెక్స్ట్ రీస్టోర్’ అనే ఆప్షన్ వెతకండి. ఒక్కో కంపెనీ ఒక్కో చోట దాచింది. కొన్నింటిలో ఓవర్‌క్లాకింగ్ పేజీలోని అడ్వాన్స్‌డ్ డ్రామ్ సెట్టింగుల్లో ఉంటుంది, కొన్నింటిలో ‘ఏఎండీ సీబీఎస్’ కింద నాలుగైదు మెనూలు లోపలికి పోవాలి. బయోస్‌లో వెతికే పెట్టె ఉంటే పేరు కొట్టండి, నేరుగా వస్తుంది. దీన్ని ‘ఎనేబుల్డ్’ చేస్తే ఒకసారి చూసుకున్న శ్రుతిని బోర్డు దాచుకుని, మరుసటి రోజు దానితోనే మొదలుపెడుతుంది. ఇంటెల్ బోర్డుల్లో ఇలాంటి పని చేసేదాన్ని ‘ఎంఆర్‌సీ ఫాస్ట్ బూట్’ అనో, ‘మెమరీ ఫాస్ట్ బూట్’ అనో పిలుస్తారు.

నాకు 56 సెకన్లు 15 అయ్యాయి. చాలా సంతోషపడ్డాను. మూడోరోజు మధ్యాహ్నం, తలంబ్రాల పాటను ఎక్స్‌పోర్టుకు పెట్టి టీకి లేచాను. తిరిగొచ్చేసరికి నీలం స్క్రీన్. సాయంత్రం కార్డుల నుంచి ఫుటేజీ కాపీ చేస్తుంటే మళ్లీ నీలం స్క్రీన్. ఈ రెండోదానికి నాకు నిజంగా కాళ్లు వణికాయి. ర్యామ్ తప్పు చేస్తుంటే సిస్టమ్ ఆగిపోవడం మంచి కేసు. ఆగకుండా ఫైలులో ఒక ముక్క పాడుచేసి ఊరుకోవడం చెడ్డ కేసు. కార్డు ఫార్మాట్ కొట్టాక ఆ సంగతి తెలిస్తే ఎవరి తలంబ్రాలు మళ్లీ పోయించగలం?

కారణం ఆ పక్కనే ఉంది. ‘పవర్ డౌన్ ఎనేబుల్’ అని, పని లేనప్పుడు ర్యామ్‌ను తక్కువ కరెంటులో ఉంచే ఇంకో ఆప్షన్ ఉంటుంది, నా బోర్డులో అది ‘డిజేబుల్డ్’లో ఉండిపోయింది. కాంటెక్స్ట్ రీస్టోర్ ఆన్‌లో ఉండి ఇది ఆఫ్‌లో ఉంటే చాలా సిస్టమ్స్ నిలకడగా ఉండవు. కొన్ని బయోస్‌లు రెండోదాన్ని వాటంతటవే ఆన్ చేసుకుంటాయి, కొన్ని చేసుకోవు. రెండూ ‘ఎనేబుల్డ్’ అని మీరే చేత్తో పెట్టండి, ‘ఆటో’ను నమ్ముకోవద్దు. మెమరీ స్పందించడంలో ఇసుమంత జాప్యం పెరుగుతుంది. ఎడిటింగ్‌లో నాకు తేడా ఏమీ కనబడలేదు.

ఆ తర్వాత టెస్ట్ చేయకుండా పనిలోకి దిగకండి. మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్‌లో వేసి, దాంతోనే సిస్టమ్ లేపితే విండోస్ లేకుండా ర్యామ్‌ను మాత్రమే పరీక్షిస్తుంది. ఉచితంగా దొరికేదాంట్లో నాలుగు రౌండ్లు ఉంటాయి. 32 జీబీకి గంటలు పడుతుంది కాబట్టి రాత్రి పెట్టి ఇంటికి పోండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ సెట్టింగ్ పనికిరాదని లెక్క. ‘ఒక్కటే కదా’ అనుకోవద్దు. అది తేలాక విండోస్‌లో మీ సొంత పనే ఒకటి రెండు గంటలు గట్టిగా నడపండి. ఎక్స్‌పో వేస్తే ర్యామ్ వోల్టేజీ కూడా పెరుగుతుంది. నా స్టిక్కులకు 1.1 నుంచి 1.35 అయింది, ఆ మేరకు వేడి కూడా. మాఘంలో పాసైనది ఎండల్లో పాసవుతుందో లేదోనని రోహిణి కార్తెలో ఏసీ ఆపి మళ్లీ ఒక రాత్రంతా పెట్టాను. పాసైంది కాబట్టి అలాగే వాడుతున్నాను.

టెస్టులో పాసవకపోతే 6000ను 5600కు దించి చూడండి. అప్పటికీ కుదరకపోతే కాంటెక్స్ట్ రీస్టోర్ ఆపేసి, రోజూ ఆ నిమిషం ఆగడమే మేలని నా గట్టి అభిప్రాయం. పని మధ్యలో లేచి పోయేటప్పుడు షట్‌డౌన్ బదులు స్లీప్‌లో పెడితే ర్యామ్‌కు కరెంటు అందుతూనే ఉంటుంది, ట్రైనింగ్ అవసరం రాదు. యూపీఎస్ ఉండాలి, పెట్టేముందు ప్రాజెక్టు సేవ్ చేసి ఉండాలి.

నాలుగు స్టిక్కుల సంగతి వేరు. చిత్తూరులో మా బామ్మర్ది ఫ్లెక్సీల డిజైనింగ్ చేస్తాడు. ఒకరోజు ఫోన్ చేసి, “బావా, ఇంకో రెండు స్టిక్కులు కొని నాలుగు స్లాట్లూ నింపినా. ఎక్స్‌పో వేస్తే లేవడం లేదు, లేస్తే అయిదు నిమిషాలు పడుతోంది” అన్నాడు. కొత్తవి రెండూ పీకేయమన్నాను. ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండో స్లాటులో ఒకటి, నాలుగో స్లాటులో ఒకటి ఉండేలా పాతవి పెట్టించాను. వెంటనే దారికొచ్చింది. రైజెన్ 7000 ప్రాసెసర్లకు ఏఎండీ హామీ ఇచ్చే స్పీడ్ రెండు స్టిక్కులకు 5200, నాలుగు పెడితే 3600 మాత్రమే. విడివిడిగా కొన్న రెండు జతలు ఒకే బ్రాండ్ అయినా కలిపి పనిచేస్తాయన్న భరోసా లేదు. 64 జీబీ కావాలంటే 32 జీబీవి రెండు ఉన్న కిట్ ఒక్కటి తీసుకోండి. ఉన్న నాలుగూ వాడక తప్పదంటే ప్రొఫైల్ తీసేసి తక్కువ స్పీడ్‌తో నడుపుకోండి.

ఇవన్నీ చేసినా ట్రైనింగ్ తగ్గకపోతే బయోస్ అప్‌డేట్ చూడండి. ఏఎం5 బోర్డులు వచ్చిన కొత్తలో, 2022 చివర్లో, ట్రైనింగ్ మరీ ఎక్కువసేపు పట్టేది. 2023లో వచ్చిన అప్‌డేట్లతో బాగా తగ్గింది. బోర్డు కంపెనీ సైటులో మీ మోడల్ పేజీ నుంచే ఫైలు తీసుకోండి, యూపీఎస్ లేకుండా మొదలుపెట్టవద్దు. అప్‌డేట్ అయ్యాక ఎక్స్‌పో, కాంటెక్స్ట్ రీస్టోర్, పవర్ డౌన్ అన్నీ మొదటికి పోతాయి కాబట్టి ముందే ఆ పేజీలను ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఇంకొకటి, విండోస్ 11లో డిస్క్ ఎన్‌క్రిప్షన్ (డిస్కులోని డేటాకు వేసే తాళం, దాని పేరే బిట్‌లాకర్) ఆన్‌లో ఉంటే అప్‌డేట్ తర్వాత బిట్‌లాకర్ రికవరీ కీ అడగవచ్చు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి పోయి ఆ 48 అంకెలూ కాగితం మీద రాసుకున్నాకే అప్‌డేట్ బటన్ నొక్కండి.