లెక్క పడేసి జవాబు అడిగేవాళ్లను దారికి తేవడం ఎలా?

రాత్రి పదకొండున్నరకు ఫోన్‌లో ఒక ఫోటో. పక్కకు తిరిగిన టెక్స్ట్‌బుక్ పేజీ, లెక్క మీద బొటనవేలి నీడ. కింద ఒక్క ముక్క: "సార్, సాల్వ్ చేయండి, అర్జెంట్."

ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పే నాకిది రోజూ ఉండేదే. ఎవరైనా లెక్కల ప్రశ్నలు అడిగే, తెలిసినవాళ్లు జవాబులు రాసే వెబ్‌సైట్ ఒకటుంది: 2010లో మొదలైన మ్యాథమెటిక్స్ స్టాక్ ఎక్స్ఛేంజ్. అక్కడా ఇదే గోల. పిల్లల్ని తిట్టడం తేలిక. కానీ అడిగీ అడగ్గానే చేసిపెట్టి వాళ్లకీ అలవాటు చేసింది మనమే.

1. ముందు మీ చెయ్యి ఆపుకోండి

తెలిసిన లెక్క కనబడితే వేళ్లు ఊరుకోవు. పైగా ఆ సైటులో జవాబు బాగుందని ఒక్క అప్‌వోట్ పడితే రాసినవాళ్లకు 10 పాయింట్లు. పనికిరాని ప్రశ్నను క్లోజ్ చేశాక, అంటే కొత్త జవాబులు రాకుండా ఆపేశాక, కొన్నాళ్లకు సైటే తుడిచేస్తుంది గానీ, దానికి ఓటు పడిన జవాబుంటే తుడవదు. అంటే మీరు రాసిన జవాబే దాన్ని బతికిస్తుంది. నలుగురు ఆగినా ఐదోవారు చేసిపెడితే అంతా వృథా, కాబట్టి జవాబులు చెప్పేవాళ్లంతా ముందే ఒక మాట అనుకోవాలి. అన్నిటికన్నా కష్టమైన పని ఇదే.

2. "ఎక్కడ ఆగావు?" అని అడగండి

"ఏం ట్రై చేశావు?" అంటే పోలీసు విచారణలా ఉంటుంది, "అన్నీ చేశాను సార్" అని తప్పించుకుంటారు. ఎక్కడ ఆగిందో అడిగితే రఫ్ పేజీ బయటికి వస్తుంది.

ఆ రాత్రి ఫోటోలో ఉన్నది ఈ పవర్ ఎక్స్ ఇంటూ, ఒకటి ప్లస్ ఎక్స్ లాగ్ ఎక్స్, బై ఎక్స్: eˣ(1 + x log x)/x. ఇంటిగ్రేట్ చేయాలి. ఎక్కడ ఆగావంటే ఆ కుర్రాడు రఫ్ పేజీ పంపాడు. eˣ/x, eˣ log x అని రెండు ముక్కలుగా బాగానే విడగొట్టాడు. ఆ తర్వాత మొదటి ముక్క, ఈ పవర్ ఎక్స్ బై ఎక్స్‌తో పేజీన్నర కుస్తీ పట్టాడు. అది మనకు తెలిసిన ఫంక్షన్లలో తేలేది కాదు. "దాన్ని వదిలెయ్, రెండో ముక్కకు బై పార్ట్స్ వెయ్" అన్నాను, అంతే. రెండో ముక్కలోంచి ఆ మొదటి ముక్కే మైనస్‌తో వచ్చి రెండూ కొట్టుకుపోయాయి, ఈ పవర్ ఎక్స్ లాగ్ ఎక్స్ ప్లస్ సి మిగిలింది. మొత్తం చేసిపెట్టి ఉంటే వాడి తప్పు ఎక్కడుందో నాకూ తెలిసేది కాదు.

3. నియమాలు కాదు, నమూనా పెట్టండి

పది రూల్స్ ఎవరూ చదవరు. లెక్క, అది ఎక్కడిది, చేసినంతవరకు స్టెప్పులు, ఆగిన చోటు: ఇవన్నీ ఉన్న మంచి ప్రశ్న ఒకటి అందరికీ కనబడేలా ఉంచండి.

4. ఆపితే ఎందుకు ఆపారో చెప్పండి

ఆ సైటులో ప్రశ్న బాగాలేదని డౌన్‌వోట్ పడితే అడిగినవాళ్లకు 2 పాయింట్లు పోతాయి, కారణం మాత్రం తెలియదు. క్లోజ్ చేసిన ప్రశ్నను సరిదిద్ది మళ్లీ తెరిపించుకోవచ్చని చాలామంది కొత్తవాళ్లకు తెలీదు. ఒక్క కామెంట్‌తో ఆ దారి చూపండి. నా దగ్గరైతే, "రఫ్ పేజీ పెట్టు, అప్పుడు చూద్దాం" అంటాను.

5. పొట్టి ప్రశ్నలన్నీ బద్ధకం కాదు

తెలుగు మీడియంలో చదివి ఇంగ్లీషులో అడగాల్సి వస్తే రెండు ముక్కల్లో తేల్చేస్తారు. అది భాష ఇబ్బంది. మర్నాడు అదే కుర్రాడు ఒక్క లైన్ పంపాడు: "సార్, ఈ పవర్ ఎక్స్ బై ఎక్స్‌కి ఇంటిగ్రల్ ఎందుకు రాదు?" ఫోటో లేదు, అర్జెంటూ లేదు. నా జవాబు రెండు పేజీలు దాటింది.