పైథాన్‌తో వెబ్ చిరునామాలు, 4వ భాగం: పోర్ట్ ఎక్కడుంది?

పోయిన భాగంలో యూఆర్‌ఎల్‌ని ముక్కలు చేశాం. పోర్ట్ సంగతి, అంటే ఒకే కంప్యూటర్‌లో ఏ ప్రోగ్రామ్ దగ్గరికి వెళ్లాలో చెప్పే నంబర్ సంగతి మాత్రం కావాలనే దాటేశాను. చూడటానికి చిన్నదే గానీ, ఎక్కువ తిప్పలు పెట్టేది అదే.

హన్మకొండ బస్టాండ్ తెలుసుగా. బస్టాండ్ ఒకటే, ప్లాట్‌ఫాంలు బోలెడు. కంప్యూటర్ బస్టాండ్ అనుకుంటే, పోర్ట్ ప్లాట్‌ఫాం నంబర్. రోజూ హైదరాబాద్ పోయేవాళ్లు ఏ ప్లాట్‌ఫాం అని అడగరు, నేరుగా వెళ్లి నిలబడతారు. బ్రౌజర్ కూడా అంతే. హెచ్‌టీటీపీ అయితే 80, హెచ్‌టీటీపీఎస్ అయితే 443 అని దానికి ముందే తెలుసు. అందుకే మామూలు సైట్లలో ఆ నంబర్ కనబడదు. మన ల్యాప్‌టాప్‌లో జాంగో (పైథాన్‌తో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) నడిపితే మాత్రం 8000 అని చెప్పాల్సిందే. పోలిక ఇక్కడికే ఆపుదాం, పోర్ట్‌లు 65,535 దాకా ఉంటాయి.

పైథాన్‌తోపాటే వచ్చే యూఆర్‌ఎల్‌లిబ్ డాట్ పార్స్ నుంచి యూఆర్‌ఎల్‌స్ప్లిట్‌ను ఇంపోర్ట్ చేసి, దానికి ఈ చిరునామా ఇవ్వండి (లోకల్‌హోస్ట్ అంటే మన కంప్యూటరే):

హెచ్‌టీటీపీ://లోకల్‌హోస్ట్:8000/మార్కులు

వచ్చినదాన్ని డాట్ పోర్ట్ అని అడిగితే 8000 చెబుతుంది. స్ట్రింగ్ కాదు, ఇంటిజరే. ఇప్పుడు చిరునామాలో :8000 తీసేసి మళ్లీ అడగండి. 80 వస్తుందనుకుంటారు, కానీ వచ్చేది నన్, అంటే ఏమీ లేదని. రాసి ఉన్నదే చెబుతుంది తప్ప లేనిది ఊహించదు. 80 పెట్టాలా, 443 పెట్టాలా అన్నది స్కీమ్ (మొదట్లో ఉండే హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్ లాంటిది) చూసి మనమే రాసుకోవాలి.

కోలన్ దగ్గర తెంపితే పోదా, దీనికో లైబ్రరీ ఎందుకు అంటారు కొందరు. పోదు. స్కీమ్ పక్కన కోలన్, యూజర్‌నేమ్‌కూ పాస్‌వర్డ్‌కూ మధ్య కోలన్, ఐపీవీ6 (కంప్యూటర్లకిచ్చే కొత్త రకం నెట్‌వర్క్ చిరునామా) నిండా కోలన్లే. అందుకే ఐపీవీ6ని చదరపు బ్రాకెట్లలో పెట్టి [::1]:8000 అని రాస్తారు.

నా తిప్పలు ఒకటి చెప్పాలి. నక్కలగుట్టలో రూంలో ఉన్నప్పుడు ఒక రాత్రి కాన్ఫిగ్ ఫైల్లో ఉత్త లోకల్‌హోస్ట్:8000 అని రాశాను, ముందు హెచ్‌టీటీపీ లేదు. లైబ్రరీ లోకల్‌హోస్ట్‌నే స్కీమ్ అనుకుంది, 8000ని పాత్ కింద వేసింది. పోర్ట్ నన్. ఎర్రర్ మాత్రం ఒక్కటీ లేదు! తప్పు సర్వర్‌దే అనుకుని దాన్నే నాలుగుసార్లు ఆపి మొదలుపెట్టాను. స్కీమ్ లేని చిరునామా అయితే ముందు రెండు స్లాష్‌లైనా పెట్టండి, అప్పుడు సరిగ్గా విడగొడుతుంది.

పోర్ట్ 70000 అని రాస్తే మాత్రం వాల్యూఎర్రర్ వస్తుంది. అదీ విడగొట్టేటప్పుడు కాదు, డాట్ పోర్ట్ అని అడిగినప్పుడే. ట్రై, ఎక్సెప్ట్ పెట్టాల్సింది ఆ లైన్ చుట్టూ.

ఇక ఇంటిపని. హెచ్‌టీటీపీ://[::1]:8000/ తీసుకుని పోర్ట్‌ను 9000 చేయండి. డాట్ హోస్ట్‌నేమ్ ఆ బ్రాకెట్లు తీసేసి ఇస్తుంది. వాటిని మరిచిపోయి అతికించి, మళ్లీ పోర్ట్ అడిగి చూడండి. వచ్చే భాగం అక్కడి నుంచే.