నాగార్జునుని చదివేవారు నాయకుల గురించి ఎలా చర్చించుకోవాలి

నల్లగొండలోనైనా, మిర్యాలగూడలోనైనా, సాగర్ దగ్గరి హిల్ కాలనీలోనైనా బౌద్ధ తత్త్వవేత్త ఆచార్య నాగార్జునుని అభిమానించేవారంతా ఒకే దారిలో ఆయన దగ్గరికి వచ్చినవారు కారు. కొందరు 1956లో అంబేడ్కర్ బౌద్ధం స్వీకరించిన చరిత్ర చదివి వచ్చారు. కొందరు ఎర్రజెండా కుటుంబాల్లో పుట్టి తర్కం మీది ఇష్టంతో వచ్చారు. మరికొందరికి నాగార్జునకొండ మ్యూజియమే మొదటి బడి. అందువల్ల శూన్యత గురించి, అంటే దేనికీ తనంతట తాను నిలిచే స్వభావం లేదన్న ఆయన సిద్ధాంతం గురించి, ఎంతసేపైనా నెమ్మదిగా మాట్లాడుకునే బృందం కూడా నాయకుల ప్రస్తావన వచ్చేసరికి రెండుగా చీలిపోతుంది. 1952 ఎన్నికల్లో కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డికి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లు వచ్చాయని చిన్ననాటి నుంచి వింటూ పెరిగినవారికి ఆ పేరు మీద పడే విమర్శ సొంత ఇంటి పెద్దను అన్నట్టే తోస్తుంది. అయినా ఈ చర్చను పక్కన పెట్టవద్దని గట్టిగా చెబుతాను, ఎందుకంటే పాలకుడితో ఎలా మాట్లాడాలో ఆచార్యుడే రాసి ఉంచాడు.

మొదట, ఆచార్యుడు ఒక రాజుకు హితబోధగా రాసిన రత్నావళి నాలుగో అధ్యాయం తొలి శ్లోకాలను ఒకరు పైకి చదవాలి. రాజు అధర్మం చేసినా, అర్థం లేని పని చేసినా చుట్టూ ఉన్నవారు పొగుడుతూనే ఉంటారు కనుక ఏది తగినదో ఏది తగనిదో అతనికి తెలియడం కష్టమని ఆచార్యుడు అక్కడ అంటాడు. మామూలు మనిషికే హితమైన అప్రియం చెప్పడం కష్టమైనప్పుడు భిక్షువునైన నేను మహారాజుకు ఎలా చెప్పగలనని సంకోచిస్తూనే, నీ మీది ప్రేమతో, లోకం మీది కరుణతో చెబుతున్నానని మొదలుపెడతాడు. గౌరవమూ విమర్శా ఒకే నోట ఎలా వస్తాయో చూపడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఆ రాజు శాతవాహనుల్లో ఎవరన్న వాదం మాత్రం ఆ పూట పెట్టుకోకండి. పండితులకే ఏకాభిప్రాయం లేదు, సమయమంతా దానికే పోతుంది. సంస్కృత మూలం కొంత భాగమే దొరికింది, పూర్తి గ్రంథం టిబెటన్, చైనా అనువాదాల్లో నిలిచింది కాబట్టి ఒక్క తెలుగు అనువాదంలోని ఒక్క పదాన్ని పట్టుకొని గొడవపడడం కూడా తగదు.

చర్చకు పద్ధతి ఆచార్యుని వాద గ్రంథం విగ్రహవ్యావర్తని నుంచి తీసుకోండి. 70 కారికలు (చిన్న శ్లోకాలు) ఉన్న ఆ గ్రంథంలో మొదటి 20 కారికలూ ప్రత్యర్థి ఆక్షేపణలే. జవాబు ఆ తర్వాతే మొదలవుతుంది. మీరూ అలాగే చేయాలి. ఒక నాయకుణ్ణి విమర్శించదలచినవారు ముందుగా ఆ నాయకుని అభిమాని వాదాన్ని తన నోటితో చెప్పాలి, ఆ అభిమాని "ఆ, నేనన్నది గదే" అని ఒప్పుకున్న తర్వాతే తన మాట మొదలుపెట్టాలి. ఇది నిదానంగా సాగుతుంది, కొందరికి విసుగూ వస్తుంది. కాని ఎదుటివారి పక్షాన్ని బాగా చెప్పలేనివారికి దాన్ని ఖండించే అర్హత ఇంకా రాలేదని అందరి ముందూ తేలిపోతుంది.

అసలు కష్టం ఘనత ఎవరిదన్న దగ్గర వస్తుంది, అక్కడే ప్రతీత్యసముత్పాదాన్ని, అంటే ఏదైనా అనేక కారణాలు కూడితేనే పుడుతుందన్న బౌద్ధ సూత్రాన్ని, వాడుకోవాలి. నాగార్జునసాగర్‌నే తీసుకోండి. నెహ్రూ 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన చేశారు, ఇందిరా గాంధీ 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు వదిలారు, కుడి కాలువకు జవహర్ పేరు, ఎడమ కాలువకు లాల్ బహదూర్ పేరు పెట్టారు. "సాగర్ కట్టింది ఎవరు?" అని అడిగి ఊరుకుంటే సమాధానం ఒక పేరు దగ్గర ఆగిపోతుంది. దాని బదులు ఏయే కారణాలు కూడితే ఈ నీళ్లు మిర్యాలగూడ పొలాలకు వచ్చాయని అడిగి, చెప్పినవన్నీ బోర్డు మీద రాయండి. నిర్ణయం తీసుకున్న నాయకులు, లెక్కలు కట్టిన ఇంజినీర్లు, ఆ రాతి ఆనకట్టకు రాళ్లు మోసిన కూలీలు, మునకలో ఊరు వదిలిన కుటుంబాలు, లోయ మునగక ముందే అక్కడి ప్రాచీన నగరం విజయపురి శిథిలాలను తవ్వి కొండ మీదికి చేర్చిన పురావస్తు శాఖవారు, అందరూ ఆ బోర్డు మీదికి వస్తారు. నాయకుల పేర్లను చెరపమని ఎవరూ అనరు, అనకూడదు కూడా. వారి పాత్ర ఉన్నంత మేరకే కనబడుతుంది, మెచ్చుకోవలసినంత మెచ్చుకోవచ్చు. తప్పుల విషయంలోనూ ఇదే లెక్క: ఒక పథకం చెడిపోతే నెపమంతా ఒక్కరి మీద వేయకుండా, ఎవరి సంతకం దగ్గర, ఎవరి మౌనం దగ్గర చెడిందో వెతకాలి.

ఇంతలో ఎవరో ఒకరు "అంతా శూన్యమే కదా, ఇంక నాయకుడెవరు, రాజకీయమేమిటి" అంటారు. దీన్ని మర్యాదగానే ఆపండి. వ్యవహార సత్యాన్ని (రోజువారీ లోకవ్యవహారాన్ని) ఆశ్రయించకుండా పరమార్థాన్ని (అంతిమ సత్యాన్ని) బోధించలేమని ఆచార్యుని ప్రధాన గ్రంథం మూలమధ్యమకకారిక 24వ ప్రకరణంలోనే ఉంది. రైతులు కష్టంలో పడితే విత్తనాలూ తిండీ ఇవ్వాలని, పన్నులు తగ్గించాలని, ఖైదీలకు మంగలి, స్నానం, ఆహారం, మందు, బట్టలు సమకూర్చాలని రాజుకు చెప్పిన మనిషి లోకాన్ని పట్టించుకోలేదని ఎలా అంటాం?

మాట తీరు గురించి ఒక్క నియమం చాలు. మనకు నచ్చిన నాయకుడు "అన్నారు", నచ్చనివాడు "అన్నడు" కాకూడదు. పార్టీ ఏదైనా అందరికీ ఒకే మర్యాద. బృందంలో పెద్దలతో విభేదించవలసి వచ్చిన యువకులు "సారూ, తప్పుగ అనుకోకుండ్రి, నాకు వేరే తీరుగ కనబడుతుంది" అని మొదలుపెడితే సరిపోతుంది, పెద్దలు వారి మాట పూర్తయ్యేదాకా ఆగాలి.

ఆచార్యుణ్ణి కూడా ఈ పరీక్షకు నిలబెట్టండి. రత్నావళి రెండో అధ్యాయంలో రాజుకు కామం మీద విరక్తి కలిగించడానికి స్త్రీ దేహాన్ని ఏవగించుకునేలా వర్ణించిన శ్లోకాలున్నాయి. బృందంలోని స్త్రీలు వాటికి అభ్యంతరం చెబితే "ఆ కాలం వేరు" అని దాటవేయకుండా కూర్చొని వినాలి. రాజరికాన్ని ఆయన ప్రశ్నించలేదన్న సంగతీ చర్చకు రావాలి. రాజుకు చెప్పిన మాటలు ఈనాడు ఎవరికి చెందుతాయి, మంత్రికా, ఓటరుకా? నా మటుకు ఇద్దరికీ చెందుతాయి. ఎన్నికల వేళ పొగడ్తలు అందుకునేది ఓటరే.

చివరి అరగంట రాతకు ఉంచండి. రాజద్వారం దగ్గర పడిగాపులు పడేవారి బాధ తీర్చమని కూడా ఆచార్యుడు రాజును కోరాడు; మన జిల్లాల్లో సోమవారం ప్రజావాణికి అర్జీలు పట్టుకొని కలెక్టరేట్‌కు వచ్చేవారిని చూసినవారికి ఆ మాట వెంటనే తగులుతుంది. చర్చలో తేలిన సమస్యల్లో ఒకదాన్ని ఎంచుకొని ఎమ్మెల్యేకో కలెక్టరుకో ఒక పేజీ అర్జీ రాయండి: సంబోధన పూర్తి గౌరవంతో ఉండాలి, జరిగిన మేలు ఉంటే ఒక్క వాక్యంలో ఒప్పుకోవాలి, వారికి నచ్చని అసలు సంగతి మొదటి పేరాలోనే తేదీలతో సహా చెప్పాలి, కింద పేర్లు రాసి సంతకాలు చేయాలి.