సవరాన్ని, జుట్టు ఎక్స్‌టెన్షన్లను ఇంట్లో సంరక్షించుకునే పద్ధతి

తలమీద పెరిగే జుట్టుకు కుదుళ్ళ దగ్గరున్న గ్రంథుల నుంచి సహజమైన జిడ్డు అందుతూ ఉంటుంది. ఒక వెంట్రుక రాలినా దాని చోట మరొకటి మొలుస్తుంది. సవరంలోనో, క్లిప్పులతో పెట్టుకునే ఎక్స్‌టెన్షన్లలోనో ఉన్న అసలు జుట్టుకు ఈ రెండూ లేవు. ఒకసారి పైపొర లేచిపోయిన వెంట్రుక ఎంత ఖరీదైన నూనె రాసినా తిరిగి మునుపటిలా కాదు. కాబట్టి వీలైనంత తక్కువగా కడగడం, తక్కువగా దువ్వడం, తక్కువ వేడి తగిలించడం, పోయిన జిడ్డును కొద్దికొద్దిగా మనమే అందించడం అనే నాలుగు విషయాల మీదే దాని ఆయుష్షు ఆధారపడి ఉంటుంది. తలంటు రోజున సొంత జుట్టుతో పాటు సవరాన్ని కూడా కడిగేసే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. అది మానుకుంటేనే సగం మేలు జరుగుతుంది.

ముందుగా మీ చేతిలో ఉన్నది ఎటువంటి జుట్టో తెలుసుకోవాలి. వెంట్రుక పైపొర కుదురు నుంచి కొస వైపుకు, ఇంటి కప్పు మీద పెంకులు పేర్చినట్టు, ఒకదాని మీద ఒకటిగా సన్నని పొలుసులతో ఉంటుంది. ఒకే తల నుంచి ఒకేసారి తీసిన పొడవాటి జుట్టును కుదుళ్ళన్నీ ఒక వైపుకు, కొసలన్నీ మరో వైపుకు ఉంచి కట్టలు కడితే పొలుసులన్నీ ఒకే దిశలో ఉంటాయి కనుక చిక్కు తక్కువగా పడుతుంది. దీన్నే వ్యాపారులు రెమీ జుట్టు అంటారు. తిరుమల కల్యాణకట్టలో భక్తులు సమర్పించిన తలనీలాలను దేవస్థానం వేలం వేసినప్పుడు పొడవాటి రకాలకు మంచి గిరాకీ ఉండడానికి ఇది ముఖ్య కారణం. ఇంటింటికీ తిరిగి స్టీలు సామాను ఇచ్చి తీసుకునే రాలిన జుట్టు సంగతి వేరు. అందులో కుదుళ్ళూ కొసలూ కలగలిసిపోయి ఉంటాయి. అవి ఒకదానికొకటి పట్టుకోకుండా పొలుసులను ఆమ్లంతో తొలగించి, పైన సిలికాన్ పూత వేయడం పరిపాటి. కొన్నప్పుడు మెరిసిపోయే ఈ జుట్టు, కొన్ని కడుగుళ్ళకు పూత పోగానే గరుకెక్కి ముడులు పడుతుంది. మీ సవరం నుంచి రాలిన ఒక వెంట్రుకను వేళ్ళ మధ్య పట్టుకుని కొస నుంచి కుదురు వైపుకు రాసి చూడండి. ఆ దిశలో మాత్రమే కాస్త గరుకుగా తగిలితే పైపొర ఉన్నట్టు. కాల్చి చూస్తే అసలు వెంట్రుక ఈక కాలిన వాసనతో నలిపితే పొడి అయ్యే బూడిదగా మారుతుంది, కృత్రిమ దారం కరిగి గట్టి ముద్దవుతుంది.

కడగడానికి ముందు చిక్కు తీయడం తప్పనిసరి, ఎందుకంటే పొడిగా ఉన్నప్పుడు వదులుగా ఉన్న ముడి తడిస్తే బిగుసుకుంటుంది. వెంట్రుకలను దారంతో కలిపి బిగించిన కుట్టు ఉన్న చోటును ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, పళ్ళు దూరంగా ఉన్న దువ్వెనతో కొసల దగ్గర మొదలుపెట్టి, అవి విడిన తరువాత కొద్దికొద్దిగా పైకి రావాలి. పై నుంచి ఒక్కసారిగా లాగితే ముడులన్నీ కిందికి చేరి వెంట్రుకలు కుట్టు నుంచి ఊడివస్తాయి.

క్లిప్పుల రకాన్ని పదిహేను, ఇరవై సార్లు పెట్టుకున్న తరువాత కడిగితే చాలు. చెమట బాగా పట్టినా, స్ప్రే కొట్టినా అంతకంటే ముందే కడగవచ్చు. వెడల్పాటి బేసిన్‌లో గోరువెచ్చని నీళ్ళు తీసుకుని, సల్ఫేట్ లేని షాంపూను అందులోనే కలిపి, పాయను నిలువుగా ముంచి, పై నుంచి కిందికి మాత్రమే వేళ్ళతో నిమరాలి. బట్టలు ఉతికినట్టు నలపకూడదు, ముద్దచేసి రుద్దకూడదు. కుంకుడు రసం వాడాలనుకునేవారు పల్చగా చేసి, పిప్పి మిగలకుండా గుడ్డలో వడకట్టాలి. అయినా అది జిడ్డును గట్టిగా లాగేస్తుంది కనుక రంగు వేసిన జుట్టుకు దాన్ని నేను సిఫారసు చేయను. బోరు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు వెంట్రుకపై పేరుకుని గరుకు చేస్తాయి కాబట్టి, చివరిసారి జాలించడానికైనా శుద్ధి చేసిన తాగునీటిని వాడడం మేలు. కండిషనర్‌ను సగం నుంచి కొసల దాకా పట్టించి, కొద్ది నిమిషాల తరువాత పూర్తిగా కడిగేయాలి.

ఆరబెట్టడంలో తొందర పనికిరాదు. తువ్వాలు మధ్య ఉంచి ఒత్తి, నీడపట్టున గాలి తగిలే చోట వేలాడదీయాలి. జుట్టు ఆరినట్టు కనిపించినా కుట్టులోని దారం తడిగానే ఉండవచ్చు. ఆ తడితోనే చుట్టి పెడితే వానాకాలంలో ముక్క వాసన వస్తుంది, దారం కూడా పాడవుతుంది. రాత్రంతా వదిలేయడం క్షేమం. సాంబ్రాణి ధూపం పెట్టి ఆరబెట్టే ముచ్చట సొంత జుట్టుకే ఉంచుకోవాలి; నిప్పుల వేడికి కొసలు ఎండిపోతాయి.

పూర్తిగా ఆరిన తరువాత రెండు మూడు చుక్కల కొబ్బరినూనెను అరచేతుల్లో రుద్దుకుని కొసలకు మాత్రమే రాయాలి. వెంట్రుకలోకి ఇంకే గుణం కొబ్బరినూనెకు ఉంది. అయితే తలకు రాసినంత దట్టంగా రాస్తే దుమ్ము పట్టి, మళ్ళీ త్వరగా కడగవలసి వస్తుంది.

స్ట్రెయిటెనర్ వాడవలసివస్తే 180 డిగ్రీల సెల్సియస్ దాటకుండా, ముందుగా వేడి నుంచి కాపాడే స్ప్రే కొట్టి, ఒక పాయ మీద ఒకసారే నడపాలి. తడి జుట్టు మీద ఎన్నడూ పెట్టకూడదు. లోపలి నీరు ఆవిరై వెంట్రుకను లోపలి నుంచే గుల్ల చేస్తుంది. రంగు విషయంలో, ఉన్నదానికంటే ముదురు చేయడం వరకే ఇంట్లో ప్రయత్నించవచ్చు, అది కూడా ముందుగా ఒక చిన్న పాయ మీద వేసి చూసిన తరువాతే. బ్లీచింగ్ జోలికి వెళ్ళవద్దు.

ఎక్స్‌టెన్షన్లను టేపుతోనో, కెరటిన్ అనే ప్రొటీన్ జిగురు బంధాలతోనో తలకు అతికించుకున్నవారు మొదటి 48 గంటలు తల తడపకూడదు. ఆ తరువాత కూడా నూనె, కండిషనర్ అతుకుల దగ్గరికి చేరితే జిగురు వదులవుతుంది. పడుకునేముందు వదులుగా జడ వేసుకోవాలి, తడి తలతో నిద్రపోకూడదు. అతికించిన చోట నొప్పి ఉన్నా, చిన్న పొక్కులు కనిపించినా, నుదుటి అంచున జుట్టు పలచబడుతున్నా సర్దుకుంటుందని ఊరుకోకుండా తీయించేయాలి. ఎడతెగని లాగుడు వల్ల కుదుళ్ళు శాశ్వతంగా దెబ్బతినే ప్రమాదం ఉంది. క్లిప్పులనూ, సవరాన్నీ అయితే ప్రతి రాత్రీ తీసేయాలి.

పెళ్ళి జడ విప్పేటప్పుడు చూపించే ఓర్పు మీదే సవరం పరిస్థితి ఆధారపడుతుంది. ముందు జడగంటలు, పిన్నులు ఒక్కొక్కటిగా తీసి, పూలదండల దారాలను లాగకుండా కత్తెరతో తెంపి, ఆ తరువాతే అల్లిక విప్పాలి. మల్లెల తడి, స్ప్రే జిగురు, పసుపు, అక్షింతల గింజలు అన్నీ అందులో ఉంటాయి కనుక ఆ మరునాడే కడిగేయడం మంచిది.

దాచేటప్పుడు కొసలు మడతపడకుండా వదులుగా జడ అల్లి, శాటిన్ గుడ్డలో చుట్టి, పెట్టెలో తిన్నగా పరచాలి. ఉన్ని బట్టలను తినే పురుగులు వెంట్రుకలనూ తింటాయి. కలరా ఉండలు పెడితే అవి జుట్టుకు తగలకుండా వేరే గుడ్డలో మూట కట్టాలి. నెలల తరబడి వాడకపోయినా అప్పుడప్పుడు తీసి గాలి తగలనివ్వాలి. కొసలు చీలి ఎంత దువ్వినా విడవని స్థితికి వస్తే, ఒకటి రెండు అంగుళాలు సమంగా కత్తిరించండి. మిగిలిన పొడవు ఇంకొంత కాలం పనికివస్తుంది.