కడియం నుంచి నిన్న తెచ్చిన మొక్క మా ప్రదర్శనకు వద్దు

మాది రాజమండ్రి. ఇక్కడ ఇండోర్ మొక్కల ప్రదర్శన పెట్టడం ఎంత తేలికో అంత కష్టం. బండి తీస్తే అరగంటలో కడియం చేరిపోతాం. కడియపులంక వైపు రోడ్డు పొడవునా నర్సరీలే. చేతిలో డబ్బులుంటే ఒక్క పూటలో హాలు నింపెయ్యొచ్చు. కష్టమూ అక్కడే ఉంది.

మొదటి ఏడాది మేం చేసింది అదే. మా మొక్కల క్లబ్బులో 23 మందిమి. 60 కుండీలు పెడితే అందులో 40 దాకా ఆ వారంలో కొన్నవే. చూడ్డానికొచ్చినవాళ్లు ప్రతి కుండీ దగ్గరా ఆగి "ఇదెంతండీ?" అని అడిగారు. ఒకావిడ రెండు అగ్లోనిమాలు చంకన పెట్టుకుని బేరం కూడా మొదలుపెట్టింది. అమ్మకానికి కాదమ్మా అంటే, "మరి ఎందుకు పెట్టారు?" అంది. ముప్పై ఏళ్లు లెక్కల టీచరుగా చేశాను, పిల్లల ప్రశ్నలకు తడుముకున్నది తక్కువ. ఆవిడకు మాత్రం ఏం చెప్పాలో తోచలేదు.

ఆ రాత్రి హాలు ఊడుస్తూనే ఒక నియమం పెట్టుకున్నాం. ప్రదర్శనలో పెట్టే మొక్క కనీసం ఆరు నెలలు మన ఇంట్లో బతికి ఉండాలి. నర్సరీలో ఎండ తగ్గించే షేడ్‌నెట్ వల కింద పెరిగిన మొక్క ఎలాగూ బాగుంటుంది. మన హాల్లో, మన ఫ్యాను కింద, మనం ఊరెళ్లి మర్చిపోయిన వారం కూడా తట్టుకుని నిలబడిందా అన్నదే చూడాల్సింది. మీ కాలనీలోనూ ఇలాంటిది పెట్టాలనుకుంటే ముందు ఈ నియమం పెట్టుకోండి. మిగతా పనులన్నీ దాని వెనకాలే వస్తాయి.

జూలైలో ఫొటో, జనవరిలో ప్రదర్శన

ఆరు నెలల లెక్క ఎవరు చూస్తారు? ఒకరినొకరు అనుమానించుకుంటే క్లబ్బు నిలవదు. అందుకని జూలై మొదటి ఆదివారం ప్రతి ఒక్కరూ తాము పెట్టబోయే మొక్కల ఫొటోలు వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. ఒక్కొక్కరికి మూడు కుండీలకు మించి లేదు. కుండీ మొత్తం కనిపించాలి, పక్కన ఒక స్కేలు నిలబెట్టాలి. స్కేలు నా పట్టుదల. జనవరిలో అదే మొక్కను దాని పాత ఫొటో పక్కన పెడతాం. నాలుగాకులు ఎనిమిదయ్యాయా, లేక రెండే మిగిలాయా అన్నది చూసినవాళ్లకే తెలిసిపోతుంది. రెండే మిగిలినా పెట్టనిస్తాం. జనం ఎక్కువసేపు నిలబడి మాట్లాడుకునేది అలాంటి కుండీల దగ్గరే.

సంక్రాంతి తర్వాత రెండో ఆదివారం పెట్టుకుంటాం. పండక్కొచ్చిన పిల్లలు హైదరాబాద్ బస్సెక్కేసి ఉంటారు, ఇంట్లో పెద్దవాళ్ల చేతులు ఖాళీ. పైగా మే నెలలో మా ఊరి హాల్లో మొక్కలకే కాదు, మనుషులకూ ఊపిరాడదు.

ఈ తేదీ వల్ల ఇంకో లాభం ఉంది. మా వైపు బొమ్మల కొలువు సంక్రాంతికే పెడతారు. కొలువు ఎత్తేశాక ఆ మెట్లు ఖాళీగా ఉంటాయి. వాటినే అడిగి తెచ్చుకుంటాం.

మెట్లు, గుడ్డ, వెలుగు

ఇండోర్ మొక్కల్ని బల్లల మీద వరసగా పెడితే వెనకవి ముందువాటి చాటున పోతాయి. కొలువు మెట్లయితే ఆ బాధ లేదు. ఐదు మెట్లు చాలు. పై మెట్టు మీద స్నేక్ ప్లాంటు, జీజీ ప్లాంటులాంటి నిటారు మొక్కలు. మధ్యలో అగ్లోనిమా, పీస్ లిల్లీ. కింద చిన్న పెపరోమియాలు. మనీప్లాంటు తీగను మధ్యలో పెట్టి కిందికి వదిలితే కింది వరస మొత్తం కప్పేస్తుంది, దాన్ని పక్కలకే పెట్టండి. అరెకా పామ్ మెట్లెక్కించే పని పెట్టుకోవద్దు. నేల మీద గోడవారగా ఉంటేనే దాని అందం.

మెట్ల మీద మొదటిసారి నా పట్టుచీర పరిచాను. కొలువుకు పరిచే అలవాటు కదా. ఆ చీర రంగుల మధ్య మొక్కలు కలిసిపోయి కనిపించనే లేదు. సాయంత్రానికి కుండీల కింద నీటి వలయాలు పడ్డాయి. ఆ మరకలు ఇంకా పోలేదు. ఇప్పుడు ముందు పాలిథిన్ షీటు, దాని మీద మా మామయ్యగారి పాత తెల్లపంచెలు. తెల్లటి నూలుగుడ్డ మీద ప్రతి ఆకూ విడిగా తేలుతుంది. మరకైనా ఎవరూ ఏడవరు.

ఏ మొక్క హాల్లో ఎక్కడ అన్నది వెలుగును బట్టి నిర్ణయించండి. ముందు రోజు పదకొండు గంటలకు హాలుకి ఒక తెల్లకాగితం తీసుకెళ్లండి. లైట్లన్నీ ఆపేసి, కాగితానికి అడుగు ఎత్తులో అరచెయ్యి పెట్టండి. నీడ అంచులు గీత గీసినట్టు పడితే అది క్రోటన్లు పెట్టే చోటు. నీడ మసకగా ఉన్నా వేళ్లు లెక్కపెట్టగలిగితే మనీప్లాంటు, సింగోనియం, పీస్ లిల్లీ. నీడే పడకపోతే అక్కడ జీజీ, స్నేక్ ప్లాంటు తప్ప ఏదీ ఎక్కువ కాలం నిలవదు. ఒక్కరోజు ప్రదర్శనకు ఇదంతా అవసరమా అంటారు. మొక్కకు అవసరం లేదు, ఒక పూట చీకటికి ఏదీ చావదు. చూసేవాళ్లకు అవసరం. "మా ఇంట్లో ఇలాంటి మూల ఉందండీ" అని వాళ్లే పోల్చుకుంటారు. ఈ చెయ్యి, కాగితం పరీక్షను గుమ్మం పక్కనే ఒక బల్ల మీద పెడితే వచ్చినవాళ్లు తామే చేసి చూసుకుంటారు. మా ప్రదర్శనలో అన్నిటికన్నా రద్దీ ఆ బల్ల దగ్గరే.

ఫ్యాన్లు మాత్రం తక్కువ స్పీడులో ఉంచండి. ఫుల్ స్పీడు గాలికి కలాతియా, ఫెర్న్‌లాంటి మొక్కల ఆకుల అంచులు ఎండిపోతాయి.

మూడు వారాల ముందు

ఈ మూడు వారాల్లో కుండీ మార్చొద్దు, ఎరువు వెయ్యొద్దు. అందంగా కనిపించాలని చివరి వారంలో కొత్త సిరామిక్ కుండీలోకి మార్చి, ప్రదర్శన రోజుకు ఆకులు వేలాడేసిన మొక్కలు ప్రతి ఏడాదీ రెండు మూడు వస్తాయి. సిరామిక్ కుండీ మీద అంత మోజుంటే పాత ప్లాస్టిక్ కుండీని అలాగే అందులో దింపేయండి.

ఆకులు తడిగుడ్డతో తుడవండి, అంతే. పాలు, కొబ్బరినూనె, అరటితొక్క వద్దు. ఆ రోజు నిగనిగలాడతాయి, మర్నాటి నుంచి దుమ్మంతా వాటికే అంటుకుంటుంది. మాడిన చివరలను ఆకు ఆకారంలోనే కత్తిరించండి, సన్నటి గోధుమరంగు అంచు మిగలనివ్వండి. పచ్చటి భాగంలోకి కోస్తే అక్కడ మళ్లీ మాడుతుంది. నీళ్లు ముందు రోజు ఉదయమే పోసి పూర్తిగా కారనివ్వండి.

పురుగుల సంగతి కాస్త గట్టిగా చెప్పాలి. రెండో ఏడాది ఒకే ఒక్క క్రోటన్ మీద పిండినల్లి ఉంది. కాండానికీ ఆకు కాడకూ మధ్య దూదిలా ఇంతే కనిపించింది, ఎవరూ పట్టించుకోలేదు. నెల తిరిగేసరికి పదకొండు ఇళ్లలో పిండినల్లి. అందులో మా ఇల్లు కూడా. ఇప్పుడు హాలు బయటే ఒక బల్ల వేసి, టార్చి, భూతద్దం పెట్టుకుని ఎదురింటి బాబాయిగారు కూర్చుంటారు. బ్యాంకులో క్యాషియరుగా చేసిన మనిషి, నోటునీ ఆకునీ ఒకే కన్నుతో చూస్తారు. ఆకు అడుగు, కాడల సందులు, కుండీ అంచు కింద, అన్నీ చూశాకే లోపలికి. దొరికితే ఆ మొక్క ఇంటికే, స్నేహాలు చెల్లవు. ఇంటి దగ్గర కొద్దిగా ఉంటే దూదిపుల్లను స్పిరిట్‌లో ముంచి ఒక్కొక్కటీ తుడవాలి. ఎక్కువుంటే లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి నాలుగు చుక్కల సబ్బు ద్రవం వేసి, సాయంత్రం పూట వారానికోసారి కొట్టాలి. ఒక్కసారితో పోదు, మూడు వారాలైనా పడుతుంది.

చీటీ మీద ఏం రాయాలి

మూడే లైన్లు. మొక్క పేరు, ఇంట్లో ఎక్కడ ఉంటుంది, నీళ్లు ఎన్నాళ్లకోసారి. "జీజీ ప్లాంటు. టీవీ పక్క మూల. చలికాలం ఇరవై రోజులకు, ఎండాకాలం పదిరోజులకు." ఇంతకు మించి ఎవరూ చదవరు. శాస్త్రీయనామం కావాలని మా లెక్చరరు గారు పట్టుబడతారు. స్నేక్ ప్లాంటుకు సాన్సివేరియా అని రాస్తే, 2017లో దాన్ని డ్రసీనా అనే ప్రజాతిలో కలిపేశారని మళ్లీ ఆయనే దిద్దుతారు. ఆయన మొక్కలకు ఆయన్ని రాసుకోనిస్తాం.

ఒక్క మాట మాత్రం ఏ చీటీ మీదా రాయనివ్వను: "గదిలో గాలిని శుద్ధి చేస్తుంది" అని. అది 1989లో నాసా చేసిన ప్రయోగం నుంచి వచ్చింది. వాళ్లు మొక్కల్ని మూసేసిన చిన్న గదుల్లాంటి పెట్టెల్లో పెట్టి చూశారు. మన ఇళ్లలో కిటికీలు, తలుపుల సందులు ఉంటాయి. 2019లో అలాంటి ప్రయోగాలన్నీ కలిపి లెక్కవేసినవాళ్లు, కిటికీల గాలి చేసేపాటి పని మొక్కలు చెయ్యాలంటే చదరపు మీటరుకు కనీసం పది కావాలన్నారు. పదడుగుల గదికి దాదాపు 90 కుండీలు! మంచం ఎక్కడ వేసుకుంటాం? మొక్క మొక్కగానే బాగుంటుంది, దానికి లేని ఉద్యోగం అంటగట్టక్కర్లేదు.

చిన్నపిల్లలు వస్తారు కాబట్టి డిఫెన్‌బేకియాను పై మెట్టెక్కించి, దాని చీటీ మీద ఎర్రసిరాతో "నోట్లో పెట్టుకోకూడదు" అని రాయండి. దాని ఆకుల్లో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి, నమిలితే నోరు మండి వాచిపోతుంది. మనీప్లాంటు, అగ్లోనిమా, పీస్ లిల్లీ కూడా ఆ కుటుంబానివే. చేమదుంప ఆకుతో దురద ఎరిగిన వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

చూసి వెళ్లిపోకుండా

చూడ్డానికి పావుగంట చాలు. జనం రెండు గంటలు ఉండాలంటే చేతికి పని ఇవ్వాలి.

కొమ్మల మార్పిడి బల్ల పెట్టండి. ఒక కొమ్మ తెచ్చినవాళ్లు ఒక కొమ్మ పట్టుకెళ్లొచ్చు, డబ్బు ప్రసక్తి లేదు. మనీప్లాంటు కొమ్మకు కణుపు ఉండి తీరాలి. కణుపు లేని ఒంటి ఆకును నీళ్లలో పెడితే నెలల తరబడి పచ్చగా ఉంటుంది తప్ప మొక్క కాదు. స్నేక్ ప్లాంటు ఆకును ముక్కలు చేసి నాటితే వేళ్లు వస్తాయి కానీ, పసుపు అంచున్న రకమైతే వచ్చే పిలకలకు ఆ అంచు ఉండదు. అది కావాలంటే దుంపను పిలకతో సహా విడదీయాల్సిందే. జీజీ ఒక్క రెబ్బ నాటినా వస్తుంది, అడుగున చిన్న దుంప ఊరడానికే నెలలు పడుతుంది. తీసుకెళ్లేవాళ్లకు ఇది ముందే చెప్పండి, లేకపోతే ఫిబ్రవరిలో ఫోన్లు మొదలవుతాయి.

పిల్లలకు పాత హార్లిక్స్ సీసాలు ఇచ్చి తలో మనీప్లాంటు కొమ్మ పెట్టిస్తాం. వారానికోసారి నీళ్లు పారబోసి సీసా కడగాలని వాళ్లచేతే సీసా మీద రాయిస్తాం. డెంగీ దోమకు గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా వారం, పదిరోజులు చాలు. కుండీల కింది పళ్లేలకూ ఇదే లెక్క.

మట్టి కలపడం చూపించే పని నాది. మనకు నర్సరీ మొక్క చాలాసార్లు ఎర్రమట్టి ముద్దతో వస్తుంది. దూరం పంపడానికి ఆ ముద్ద బాగుంటుంది, విడిపోదు. ఇంట్లో మాత్రం పైన పోసిన నీరు పక్కల నుంచి జారిపోయి, లోపల రాయిలా ఉండిపోతుంది. బకెట్లో పావుగంట నానబెట్టి, బయటి పొర మూడో వంతు మెల్లగా విడదీస్తే చాలు. మొత్తం కడిగేస్తే వేళ్లు పోతాయి. కొత్త మిశ్రమం: రెండు పాళ్లు కోకోపీట్ (కొబ్బరిపీచు పొడి), ఒక పాలు వర్మీకంపోస్టు, ఒక పాలు నల్లగా కాలిన ఊక. మా డెల్టాలో ధాన్యం మిల్లులకు కొదవ లేదు కాబట్టి మిశ్రమాన్ని గుల్లగా ఉంచే పెర్లైట్ కొనం. తెల్లగా బూడిదైపోయిన ఊక మాత్రం వద్దు. ఐదు కిలోల కోకోపీట్ దిమ్మ నానితే సుమారు 70 లీటర్లవుతుంది. దాన్ని రెండుసార్లు కడిగి ఉప్పు వదిలించాలి. మిగతా రెండూ కలిపితే 140 లీటర్లు, ఆరంగుళాల కుండీకి రెండు లీటర్ల చొప్పున 70 కుండీలు. కలిపాక కాస్త అణుగుతుంది, 60 అనుకోండి. ఒక్క దిమ్మ కొని నలుగురు పంచుకోండి.

బహుమతులు, ఖర్చు

అందమైన మొక్కకు బహుమతి లేదు. మూడే ఇస్తాం: అన్నిటికన్నా పాత మొక్క, అన్నిటికన్నా చీకటి మూలలో బతికిన మొక్క, చచ్చి బతికిన మొక్క. మొన్న మొదటిది పక్కింటి పిన్నిగారి మనీప్లాంటుకు వచ్చింది. పధ్నాలుగేళ్లుగా వంటింటి గట్టు మీద అదే సీసాలో ఉందట. వంటింటి జిడ్డుకు సీసా రంగే మారిపోయింది. కడిగి తెస్తానని ఆవిడ, వద్దు అలాగే తెమ్మని మేము, చివరికి సగం కడిగి తెచ్చింది.

మనిషికి 200 చొప్పున వేసుకుంటే 4,600 రూపాయలు. హాలు మా వీధివాళ్లదే కాబట్టి కరెంటు ఖర్చే. పాలిథిన్, చీటీలకు అట్టలు, టీ, కొమ్మలు చుట్టివ్వడానికి పాత పేపర్లు. బహుమతి తలో బస్తా వర్మీకంపోస్టు. కప్పులు, మెమెంటోలు వద్దు, వాటికి దుమ్ము తుడవాలి.

సాయంత్రం ఆటోల్లో మొక్కలు ఇంటికెళ్లేటప్పుడు కుండీల మధ్య నలిపిన పేపర్లు కుక్కండి, పొడవాటి ఆకుల్ని పాత పంచె ముక్కతో వదులుగా చుట్టండి. ఇంటికెళ్లాక పదిరోజులు మిగతా మొక్కలకు దూరంగా ఉంచండి, బాబాయిగారి కన్ను కూడా ఎప్పుడో ఒకసారి తప్పుతుంది. కొలువు మెట్లు తుడిచి మర్నాడే ఎవరివి వాళ్లకు ఇచ్చేయండి. మేము ఒకసారి మార్చి దాకా ఉంచేసుకున్నాం, మరుసటి ఏడాది మేం మళ్లీ అడిగితే ఆ ఇంటివాళ్లు చెదలు పట్టాయన్నారు.