కాలనీలో వాననీళ్లు నిలుస్తున్నాయా? హైదరాబాద్‌లో వరద డ్రెయిన్ కోసం అప్లై చేసే పద్ధతి

ముందు ఒకటి తేల్చుకోండి, మీ గల్లీలో నిలిచేది వాననీళ్లా, మోరీ నీళ్లా? మ్యాన్‌హోల్ పొంగి వాసన కొడుతుంటే అది వాటర్ బోర్డు పని, 155313కి ఫోన్ చేయాలి. వాననీళ్లు పోయే డ్రెయిన్లు, నాలాలు జీహెచ్‌ఎంసీ చూస్తుంది. చాలా చోట్ల రెండూ కలిసిపోయి ఉంటాయి, వాన పడగానే నీళ్లన్నీ మురుగు పైపులోకి దూరి కింది వరుస ఇళ్ల బాత్రూముల్లోంచి పైకొస్తాయి, అలాంటప్పుడు రెండు చోట్లా కంప్లైంట్ పెట్టాల్సిందే, లేకపోతే వీళ్లు వాళ్ల మీద, వాళ్లు వీళ్ల మీద చెప్పుకుంటూ కూర్చుంటారు.

అప్పటికప్పుడు నీళ్లు తోడించాలంటే 040-21111111కి కాల్ చేయండి, లేదా మై జీహెచ్‌ఎంసీ యాప్‌లో ఫోటో పెట్టండి. దీంతో కొత్త డ్రెయిన్ అయితే రాదు, పూడిక తీసి కంప్లైంట్ క్లోజ్ చేస్తారు అంతే. కానీ ఆ కంప్లైంట్ నంబర్లు దాచుకోండి, ఏటా ఇదే గోల అని చూపించడానికి అవే పనికొస్తాయి.

పర్మనెంట్ పని కావాలంటే కాలనీ అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద రిప్రజెంటేషన్ ఇవ్వాలి, ఇంటి నంబర్లతో సంతకాలు పెట్టించండి. అందులో "రోడ్డు ఎత్తు పెంచండి" అని మాత్రం రాయకండి ప్లీజ్, రోడ్డు లేస్తే ఇళ్లు గుంతలో పడతాయి. నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయి, ఎక్కడ ఆగుతున్నాయి, చివరికి ఎందులో కలవాలి, ఇది రాయండి. ఈ చివరిదే అసలు సంగతి. డ్రెయిన్ కలిసే నాలాలో వాన రోజు నీటి మట్టం మీ డ్రెయిన్ నోటి కంటే పైనుంటే ఎంత పెద్ద బాక్స్ డ్రెయిన్ (పెట్టెలా కట్టే కాంక్రీటు కాలువ) కట్టినా నీళ్లు వెనక్కే తంతాయి. 2020 అక్టోబర్ వానలకి సరూర్‌నగర్ చెరువు దిగువన కోదండరాం నగర్ లాంటి కాలనీలు మునిగినప్పుడు లోపం ఒక్క గల్లీ మోరీల్లో లేదు, చెరువు నుంచి కిందికి పోయే దారి చాలలేదు, ఆ వరదల తర్వాతే ఎస్‌ఎన్‌డీపీ (స్ట్రాటజిక్ నాలా డెవలప్‌మెంట్ ప్రోగ్రామ్) పేరుతో నాలాల పనులు మొదలయ్యాయి.

లెటర్‌తో ఇవి జత చేయండి: చేత్తో గీసినా సరే ఒక స్కెచ్, పాత కంప్లైంట్ నంబర్లు, వాన రోజు ఫోటోలు. ఫోటో అంటే మోకాళ్ల లోతులో నిలబడ్డది కాదు, గోడ మీద నీటి మట్టం చాక్‌పీస్‌తో గీసి పక్కన టేప్ పెట్టి తీయండి, టైమ్ కనపడాలి, నీళ్లు ఎప్పుడు దిగాయో కూడా రాయండి. గంటలో దిగిపోతే మామూలుగా పైపు సైజు చాలట్లేదని, రాత్రంతా ఉంటే ఎక్కడో అడ్డం పడిందనో వాలు లేదనో అర్థం. ఇదంతా చూడ్డానికి మ్యాన్‌హోల్ మూత మాత్రం మీరు తీయకండి, ప్రాణాలు పోయిన కేసులున్నాయి, పైగా అది నేరం కూడా.

లెటర్ జీహెచ్‌ఎంసీ సర్కిల్ ఆఫీసులో ఇంజనీరింగ్ సెక్షన్‌లో ఇచ్చి, రెండో కాపీ మీద అందినట్టు ఇన్‌వర్డ్ స్టాంప్ వేయించుకోండి. ఈమధ్య వార్డుల హద్దులు మారాయి కాబట్టి మీది ఏ సర్కిలో ముందే కనుక్కోండి. సోమవారం జనం దగ్గర ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో కూడా ఇవ్వొచ్చు. తర్వాత ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) సైట్ చూడ్డానికి వస్తారు, ఆ రోజు కాలనీలో పాత మనిషిని ఒకర్ని వెంట ఉంచండి, లేఅవుట్ పడకముందు వాగు ఎటు పారేదో వాళ్లకే తెలుస్తుంది. ఆపైన ఎస్టిమేట్, శాంక్షన్, టెండర్, ఇక్కడే నెలలు గడిచిపోతాయి.

కదలకపోతే ఆర్‌టీఐ వేయండి, ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. "ఎందుకు చేయలేదు" అని అడిగితే ఏమీ రాదు, ఎస్టిమేట్ కాపీ, ఫైల్ ఇప్పుడు ఎవరి దగ్గరుంది, రికార్డులో నాలా వెడల్పు ఎంత, ఇవి అడగండి. వెడల్పు రికార్డులో ఎక్కువ, స్పాట్‌లో తక్కువ అయితే అది కబ్జా కేసు, చెరువులు, నాలాల కబ్జాలు తొలగించడానికి 2024లో వచ్చిన ప్రభుత్వ సంస్థ హైడ్రాకి విడిగా ఫిర్యాదు ఇవ్వాలి.

తవ్వకం పనులు ఎక్కువగా ఎండాకాలంలోనే చేస్తారు, అందుకని వానలు తగ్గగానే ఫోటోలు చేతిలో ఉండగానే లెటర్ ఇచ్చేయండి, మే నెలలో వెళ్తే పూడికతీత తప్ప ఇంకేం దొరకదు.