వెలుగు దూరే రెసిన్ బిళ్ల ఎలా పోయాలి?

రెసిన్ అంటే పోశాక గట్టిపడే ద్రవ ప్లాస్టిక్. దానితో శిల్పాలు చేసిన అమెరికా శిల్పి ఫ్రెడ్ ఎవర్స్‌లీ మొదట ఇంజనీరు. 1967లో కారు ప్రమాదం జరిగాక ఆ ఉద్యోగం వదిలేసి, లాస్ ఏంజెలెస్‌లోని వెనిస్‌లో శిల్పాలు చేయడం మొదలుపెట్టారు. ఊదా, తేనె, నీలం రంగుల పాలియెస్టర్ రెసిన్‌ను తిరిగే అచ్చులో పొరలుగా పోసేవారు. ఆయన శిల్పం ముందు అడుగు పక్కకు వేస్తే చాలు, రంగు మారిపోతుంది. తిరిగే అచ్చు మనకు వద్దు. ఆ మూడు పొరల పద్ధతి మాత్రం ఇంట్లోనూ కుదురుతుంది. పాలియెస్టర్ ఘాటు భరించలేం కాబట్టి ఎపాక్సీ అనే రకం రెసిన్ తీసుకోండి.

ముందు కిటికీలు తెరవండి. నైట్రైల్ గ్లవ్స్, రసాయన ఆవిర్లను ఆపే మాస్కు తప్పనిసరి. రెసిన్‌ను గట్టిపరచడానికి కలిపే హార్డెనర్ చర్మానికి తగిలితే జీవితాంతం వదలని అలర్జీ రావచ్చు. 15 సెంటీమీటర్ల వెడల్పున్న గుండ్రటి సిలికాన్ అచ్చును రసమట్టంతో చూసి సమంగా పెట్టండి. 5 మిల్లీమీటర్ల పొరకు సుమారు 90 మిల్లీలీటర్లు పడుతుంది.

రెసిన్, హార్డెనర్ ఏ పాళ్లలో కలపాలో సీసా మీద ఉంటుంది. అది బరువు లెక్కా, కొలత లెక్కా అని రెండుసార్లు చూడండి. అంచులు గీకుతూ మూడు నాలుగు నిమిషాలు నెమ్మదిగా కలపండి. గబగబా కలిపితే బుడగలే.

ఇక రంగు. ఎక్కువమంది పాడుచేసేది ఇక్కడే, నా మొదటి బిళ్ల కూడా ఇలాగే నల్లటి రాయిలా తయారైంది. మైకా పొడులు, పెయింట్లు వెలుగును అడ్డుకుంటాయి. పారదర్శకమైన డై మాత్రమే వాడండి, అదీ టూత్‌పిక్ కొనతో. కప్పు కింద న్యూస్‌పేపర్ పెట్టి పైనుంచి చూడండి. అక్షరాలు కనబడకపోతే రంగు ఎక్కువైనట్టే. మూడు పొరలు కలిశాక రంగు ఇంకా చిక్కబడుతుంది. నీలం మీద తేనెరంగు పడినచోట ఆకుపచ్చ ఛాయ వస్తుంది, అది మీరు కలిపిన రంగు కాదు, వెలుగు తెచ్చిన రంగు!

మొదటి పొర గ్లవ్స్ వేలితో ముట్టుకుంటే కాస్త బంకగా ఉండి, రెసిన్ మాత్రం వేలికి రాకుండా ఉన్నప్పుడు రెండోది పోయండి. మూడోదీ అంతే. పూర్తిగా గట్టిపడిపోతే 320 నంబరు సాండ్‌పేపర్‌తో రుద్ది, తుడిచి పోయాలి. వానాకాలంలో తేమకు పైన తెల్లటి జిడ్డు తేలుతుంది, ఎండ కాసే రోజే ఎంచుకోండి.

మూడు రోజులు ఆగి అచ్చు విప్పండి. 400 నుంచి 2000 వరకు సాండ్‌పేపర్లతో నీళ్లు చల్లుతూ రుద్ది, పాలిష్ పెట్టండి. ఎపాక్సీ నేరుగా పడే ఎండకు పసుపెక్కుతుంది, కాబట్టి నీడ కిటికీలో నిలబెట్టి సాయంత్రం వెనక చిన్న బల్బు వెలిగించండి.